సమస్య: ఇనుముఁ గూడి పసిడి కెక్కె విలువ

నిర్వాహకుడు: సేకర్తల కోసం అమ్మకానికి వచ్చిన ఒక రోలెక్స్ డేట్‌జస్ట్ చేతి గడియారం బొమ్మను చూస్తుండగా ఈ పాదం తట్టింది. 16233 నమూనాకు చెందిన ఆ వాచీ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఒళ్లంతా ఉక్కు కాగా, అద్దం చుట్టూ ఉన్న వలయమూ, కీ తిప్పే మరా, పట్టీ నడిమి వరుసలూ 18 క్యారెట్ల బంగారం. ఈ జోడింపుకు ‘రోలెసోర్’ అనే పేరును ఆ సంస్థ 1933లోనే నమోదు చేసుకుంది. డేట్‌జస్ట్ పుట్టింది మాత్రం 1945లో, అదీ పూర్తి బంగారంతో. ఇనుముతో కూడితే అగ్నికి కూడా సమ్మెట దెబ్బలు తప్పవంటారు. అలాంటప్పుడు బంగారానికి విలువ పెరగడమేమిటన్నదే ఇక్కడి చిక్కు. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగవ పాదం; పై మూడు పాదాలు మీరు పూరించాలి. పై పాదంతో సంధి కలపడానికి అవసరమైతే ‘నినుముఁ’ అని మొదలుపెట్టవచ్చు. వాచీని పొగిడితే చాలదు, వాచీలో ఉన్న ఏదో ఒక నిజంతోనే చిక్కు విడిపోవాలి.

తెనాలి సభ్యులు:

మెత్తనైన పసిడి మేనికి గీతలు
పడును, గట్టి యుక్కు బాసటగుచు
జంట లోహములను జతఁజేయు వాచిలో
నినుముఁ గూడి పసిడి కెక్కె విలువ.

నిర్వాహకుడు: మాస్టారూ, నడక హాయిగా ఉంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి) కుదిరాయి. అయితే 18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్లే బంగారం, మిగిలినది గట్టిదనం కోసం కలిపిన ఇతర లోహాలు; కనుక మేలిమి బంగారమంత మెత్తదనం ఇందులో ఉండదు. పైగా మూడవ పాదంలోని ‘వాచి’ని తీసి చేతికి తొడిగే ‘గాజు’ను పెట్టినా పద్యం చెక్కుచెదరదు. వాచీ లేకుండా నిలిచే పూరణం నా షరతుకు సగమే లొంగినట్టు.

సికింద్రాబాద్ సభ్యురాలు: సమస్యలోనే నాకొక సందేహం ఉందండీ. ‘ఇ’కి ‘కె’తో యతి ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు: పసిడికి, ఎక్కె అన్నవి కలిసి ‘పసిడికెక్కె’ అయింది తల్లీ. సంధిలో దాగిన ‘ఎ’కారానికి ‘ఇ’కారంతో స్వరమైత్రి ఉంది కనుక చెల్లుతుంది.

సికింద్రాబాద్ సభ్యురాలు: ధన్యవాదాలు. ఇదీ నా ప్రయత్నం.

నీరు చొరక యుండ నేర్పుతో బిగియింపఁ
మొదట నున్న చాళ్లు ముచ్చటయ్యె;
చేయి కదల మెరయు వెలుఁగు రేకలతోడ
నినుముఁ గూడి పసిడి కెక్కె విలువ.

నిర్వాహకుడు: నేను ఎదురుచూసిన పూరణం ఇదే. వలయం మీది ఆ గాడులు అలంకారం కోసం పుట్టలేదు. నీరు లోపలికి చొరకుండా వలయాన్ని పనిముట్టుతో పట్టి బిగించడానికి పట్టుగా పుట్టాయి. తరువాత ఆ అవసరం తీరిపోయినా రూపం మిగిలింది. వాటిని ‘చాళ్లు’ అనడంలో దున్నిన చేను కనిపించింది. కానీ మూడవ పాదంలో ‘చే’కు ‘వె’తో యతి కుదరదు. ‘చేయి కదల మెరయు చిఱుకాంతి రేకతో’ అంటే గణాలూ నిలుస్తాయి, యతీ దక్కుతుంది.

సికింద్రాబాద్ సభ్యురాలు: సవరణను స్వీకరించాను. ఈ చాళ్ల మీద నాకు దిగులు కూడా ఉంది. మా మేనమామ తన పాత వాచీని ఒక దుకాణంలో మెరుగుపెట్టించినప్పుడు చాళ్ల అంచులు మొద్దుబారి, వలయం నలిగిన జరీ అంచులా తయారయింది. కొత్తగా కనిపించాలని చేయించిన పని, దాన్ని కొనడానికి వచ్చిన సేకర్త మొహం చిట్లించడంతో ముగిసింది.

డాలస్ సభ్యుడు:

పూర్తి పసిడి వాచి పొందఁగ లేమని
సగము పసిడి కోరు జనులు పెరుగ
బేరమాడు చోట వింతగా నిట్టుల
నినుముఁ గూడి పసిడి కెక్కె విలువ.

నిర్వాహకుడు: గిరాకీని విలువగా పట్టుకోవడం తెలివైన దారి. నిజానికి పూర్తి బంగారు డేట్‌జస్ట్ ధర జంటలోహపు వాచీ ధర కన్నా ఎక్కువే కనుక, ‘ధర’ అనకుండా మీరు తప్పించుకున్నారు. నాకు అభ్యంతరమల్లా ‘సగము’ మీదే. వలయం, మర, నడిమి వరుసలు తప్ప తక్కినదంతా ఉక్కే అయినప్పుడు సగమెక్కడిది బాబూ?

తెనాలి సభ్యులు: సగమని రాసి అమ్మితే కొన్నవాడు త్రాసు పట్టుకుని వస్తాడు.

డాలస్ సభ్యుడు: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. రెండవ పాదాన్ని ఇలా మార్చుకుంటాను.

పూర్తి పసిడి వాచి పొందఁగ లేమని
కొంత పసిడి చాలు కొందుమనఁగ

నిర్వాహకుడు: కొంతకు కొందుము చక్కగా అమరింది, ఇప్పుడు త్రాసుకు కూడా సరిపోయింది.