ఇమిగ్రెంట్ వీసా: కోర్టు తీర్పు కాపీ దొరకడం లేదు, మెడికల్ గడువు దగ్గరపడుతోంది

నాది అమెరికా ఎఫ్4 కేసు (అమెరికా పౌరులైన తోబుట్టువు ద్వారా వచ్చే ఇమిగ్రెంట్ వీసా). వీసా కోసం చేసే మెడికల్‌లో చిన్నప్పటి టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడటంతో మూడు రోజులు వరసగా కఫం ఇచ్చాను. కల్చర్ (కఫంలో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) రిపోర్టుకు 8 వారాలు పట్టింది. నెగెటివ్ వచ్చింది, క్లాస్ బీ1 (టీబీ గుర్తులున్నా కఫం పరీక్షలు నెగెటివ్) అని రాశారు. ఆ మెడికల్ 3 నెలలే చెల్లుతుందట, అందులో 5 వారాలు అయిపోయాయి.

ముంబై అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక 221(జీ) కాగితం (ఇంకా పత్రాలు కావాలని వీసా ఆపే నోటీసు) ఇచ్చారు. 2013లో ఒక గొడవలో నా మీద ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం) కేసు పడి, 500 రూపాయలు జరిమానా కట్టాను. డీఎస్-260 (వీసా దరఖాస్తు ఫారం)లో ఏమీ దాచకుండా రాశాను. ఇప్పుడు ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ కావాలంటున్నారు.

కాపీ కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. పాత ఫైళ్లు తీసేశామని కోర్టులో నోటిమాటగా చెప్తున్నారు. స్టేషన్‌లో కేసు నంబర్ తప్ప ఇంకేమీ దొరకలేదు. నా దగ్గర జరిమానా రసీదు ఉంది. నిజానికి శిక్ష కంటే ఈ కాగితం లేకపోవడమే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. మళ్లీ కఫం పరీక్ష అంటే ఇంకో 8 వారాలు.

రికార్డు లేదని కోర్టు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, జరిమానా రసీదుతో కలిపి ఇస్తే ముంబైలో తీర్పు కాపీ బదులు ఒప్పుకున్నారా? ఇలా ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.