ఆర్లాండో మ్యాజిక్: గొర్రె తోక బెత్తెడేనా, ఇంకా పెరిగేది ఉందా? (2025-26 సీజన్‌కి ముందు)

తెల్లారి_5_30_బ్యాచ్:
ఇక్కడ ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చూసేవాళ్లలో లేకర్స్, వారియర్స్ అభిమానులే ఎక్కువని తెలుసు, అయినా అడుగుతున్నా. నేను హైదరాబాద్ నుంచి ఫ్లోరిడా టీమ్ ఆర్లాండో మ్యాజిక్‌ని ఫాలో అవుతా, చలికాలం అంతా పొద్దున్న 5:30కి లేచి మరీ. 2021-22లో 22 గెలుపులు, తర్వాత 34, తర్వాత 47. సరే గాడిలో పడ్డారు అనుకున్నా. తీరా 2024-25లో 41 గెలుపులు 41 ఓటములు, ప్లేఆఫ్స్ (చివరి నాకౌట్ దశ, ఒక్కో రౌండ్ ఏడు మ్యాచ్‌ల సిరీస్) మొదటి రౌండ్‌లో బోస్టన్ చేతిలో 4-1 తో ఇంటికి. అంతకుముందు ఏడాది క్లీవ్‌లాండ్‌తో ఏడో మ్యాచ్ దాకా లాగారు కదా, అది మనకి ఆదివారం రాత్రి పదిన్నరకి వచ్చింది, 18 పాయింట్ల లీడ్ చూసి ఇంట్లోవాళ్లని నిద్రలేపబోయి ఆగా, ఆగడమే మంచిదైంది, మన ఫ్రాంజ్ వాగ్నర్ ఆ రోజు 15 షాట్లు వేస్తే ఒక్కటి పడింది. ఇప్పుడు షూటర్ డెస్మండ్ బేన్ కోసం పిక్స్ (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే హక్కులు) చాలావరకు ఊడ్చి పెట్టారు. నిజంగా ఎదుగుతున్న టీమేనా ఇది, లేక ఇంతేనా? ఆఖరిసారి ఒక సిరీస్ గెలిచింది 2010లో, డ్వైట్ హోవర్డ్ ఉన్నప్పుడు. నిజాయితీగా చెప్పండి, ఓదార్పు వద్దు.

స్టాట్స్_పిచ్చోడు:
47 నుంచి 41కి పడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా బ్రో. మన స్టార్ పావలో బంకేరో అక్టోబర్‌లో ఇండియానా మీద 50 కొట్టాడు, అందులో 37 ఫస్ట్ హాఫ్‌లోనే, సరిగ్గా రెండు రోజులకి పక్కటెముకల కింద కండరం చిరిగింది, 34 మ్యాచ్‌లు పోయాయి. ఆ తర్వాత డిసెంబర్‌లో ఫ్రాంజ్‌కి కూడా అదే కండరం, అదే కుడిపక్క. దిష్టి తగిలిందనే అనుకోవాలి. తర్వాత ఫ్రాంజ్ అన్న మో వాగ్నర్ మోకాలు, గార్డ్ జేలెన్ సగ్స్ మోకాలు. పావలో, ఫ్రాంజ్, సగ్స్ ముగ్గురూ కలిసి ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంత జరిగినా లీగ్‌లో అందరికన్నా తక్కువ పాయింట్లు ఇచ్చిన టీమ్ ఇదే, మ్యాచ్‌కి 105.5. బెంచ్ వాళ్లతో ఆడుతూ కూడా డిఫెన్స్ చెడలేదంటే కోచ్ మోస్లీ నేర్పింది ఒంట్లోకి ఎక్కిందని అర్థం. ఎదుగుదల అంటే నాకు అదే. ఆ 41 తోనే సౌత్‌ఈస్ట్ డివిజన్‌లో (ఐదు టీమ్‌ల గుంపు) ఫస్ట్ కూడా వచ్చారు, అంటే మిగతావాళ్లు ఎంత ఘోరంగా ఉన్నారో అది వేరే సంగతి అనుకో.

టాంపా_బాబాయ్:
గాయాలు గాయాలు అని ఎన్నాళ్లు చెప్పుకుంటాం అబ్బాయ్. నేను ఐ-4 హైవే ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని మ్యాజిక్ సొంత స్టేడియం కియా సెంటర్‌కి వెళ్లి చూసేవాణ్ని (కియా అంటే మన పెనుకొండ గుర్తొచ్చి మా ఆవిడ ప్రతిసారీ నవ్వుతుంది). టీవీలో తెలియదు, పైసీట్లోంచి చూస్తే ఇట్టే తెలుస్తుంది. పావలో బాల్ తీసుకుని లోపలికి వస్తాడు, అవతలి టీమ్ వాళ్లు నలుగురు పెయింట్‌లో (బుట్ట కింద రంగు వేసిన చోటు) పెళ్లి బంతికి కూర్చున్నట్టు ఉంటారు, కార్నర్‌లో మనవాడు ఒక్కడే ఖాళీగా నిలబడి చేతులు చాపుతాడు, వాడి మీదకి ఎవడూ పోడు. ఎందుకంటే వేసినా పడదని వాళ్లకి తెలుసు. బాల్ గాల్లోకి లేవగానే నా పక్కన కూర్చున్న ముసలాయన కళ్లు మూసుకునేవాడు. త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడింది 31.8 శాతమే, 30 టీమ్స్‌లో ఆఖరు. డెన్వర్ నుంచి షూటర్ అని కేసీపీని (కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్) తెస్తే ఇక్కడికొచ్చి వాడూ 34 దగ్గర ఆగాడు. ఫ్రాంజ్ వరసగా రెండేళ్లు 30 లోపే. మూలస్తంభాలు అనుకున్న ఇద్దరూ లోపలికి దూరేవాళ్లే, బయట నుంచి వేసేవాడే లేడు. డిఫెన్స్ ఇంక ఎంత పెరుగుతుంది చెప్పు, ఇప్పటికే పైకప్పు తగులుతోంది. ఆగిపోయారు అని నేనంటున్నది అక్కడ.

స్టాట్స్_పిచ్చోడు:
అందుకే కదా బాబాయ్ బేన్! కెరీర్ మొత్తం మీద 41 శాతం త్రీలు. కేసీపీ, కోల్ ఆంథోనీ, 4 ఫస్ట్ రౌండ్ పిక్స్, ఒక స్వాప్ (పిక్ మార్చుకునే హక్కు) ఇచ్చారు. ఎక్కువే, ఒప్పుకుంటా, ఆల్‌స్టార్ కాదు వాడు. కానీ నువ్వు చెప్పిన ఆ కార్నర్‌లో బేన్ నిలబడితే మీదకి ఒకడు పోవాల్సిందే, వాడు పోతే పావలోకి లోపల ఒకడు తగ్గుతాడు. పైగా బాల్ చేతికిస్తే తనే ఆట నడపగలడు, ఉత్త నిలబడి వేసేవాడు కాదు.

గుంటూరు_పాయింట్‌గార్డ్:
కాలేజీలో యూనివర్సిటీ టీమ్ దాకా ఆడిన అనుభవంతో చెప్తున్నా, మీరిద్దరూ షూటింగ్ దగ్గరే ఆగిపోయారు. అసలు లోటు పాయింట్ గార్డ్, అంటే బాల్ పట్టుకుని ఆట నడిపేవాడు. 2023-24 నుంచీ చూడండి, చివరి ఐదు నిమిషాలు రాగానే పావలోకి ఇచ్చి అందరూ పక్కకి జరిగి చూస్తూ నిలబడతారు, పడితే హీరో, పడకపోతే రీప్లే. క్లీవ్‌లాండ్ ఏడో మ్యాచ్‌లో పావలో 38 కొట్టాడు, ఏమైంది? 106-94. అవతల క్లీవ్‌లాండ్ స్టార్ మిచెల్ 39 కొట్టాడు కానీ వాడికి మిగతావాళ్లు తోడొచ్చారు. ఇప్పుడు టైస్ జోన్స్‌ని తెచ్చారు, బాల్ పోగొట్టుకోడు, మంచోడే, కానీ పొట్టోడు, ప్లేఆఫ్స్‌లో బుట్ట దగ్గరికి వీపుతో నెట్టి మరీ వాడి మీద కొడతారు. సగ్స్‌ని పాయింట్ గార్డ్ చేస్తామంటే వాడు అవతలివాణ్ని అడ్డుకోడానికి పుట్టాడు, ఆట నడపడానికి కాదు. దీనికి బేన్ సగం మందే.

ఇంకో విషయం ఎవరూ ఎత్తట్లేదు, డబ్బు. ఫ్రాంజ్‌కి 5 ఏళ్లకి 224 మిలియన్లు, సగ్స్‌కి 150, పావలోకి 2025 జులైలో మ్యాక్స్ ఎక్స్‌టెన్షన్ (రూల్స్ ఒప్పుకునే గరిష్ఠ జీతంతో ఒప్పందం). పిక్స్ చాలావరకు పోయాయి, జీతాల పరిమితిలో ఖాళీ లేదు. అంటే ఇదే టీమ్, ఇంక కొత్తగా కొనేది లేదు, ఇక పెరిగితే లోపల్నుంచే పెరగాలి. బోస్టన్ స్టార్ టాటమ్‌కీ ఇండియానా స్టార్ హాలిబర్టన్‌కీ అకిలీస్ (మడమ నరం) తెగి ఈస్ట్ (మన టీమ్ ఉన్న సగం లీగ్) ఖాళీగా ఉన్న 2025-26లో కూడా రెండో రౌండ్ దాటకపోతే నేను బాబాయ్ పార్టీలోకి వచ్చేస్తా.

టాంపా_బాబాయ్:
రా నాయనా, కుర్చీ వేసి ఉంచా. కానీ ఒక్కటి చెప్తా, డిసెంబర్‌లో మయామి మీద 25 వెనకబడి కూడా గెలిచిన మ్యాచ్ ఉంది చూడు, పావలో లేడు, ఫ్రాంజ్ లేడు, కోల్ ఆంథోనీ ఒక్కడే 35 కొట్టాడు. ఆ రాత్రి ఇంత తిట్టే నేను కూడా గొంతు పోయేలా అరిచా. అదే కోల్‌ని బేన్ ట్రేడ్‌లో పంపేశారు, అది మాత్రం మనసుకి పట్టింది.

తెల్లారి_5_30_బ్యాచ్:
ఓదార్పు వద్దన్నా కదా, మీరు మరీ ఎక్కువ నిజాయితీగా చెప్పారు 😄 స్టాట్స్ బ్రో చెప్పిన గాయాల సంగతి ఒప్పుకుంటా, కానీ గుంటూరు అన్న చెప్పిన చివరి ఐదు నిమిషాలే నాకు గుచ్చుకుంది, నేను చూసిన ఓటముల్లో సగం అలాంటివే. అక్టోబర్‌లో అక్కడ ఇంకా టైం మారదు కాబట్టి మనకి మ్యాచ్ 4:30కే. కార్నర్‌లో బేన్ మీదకి ఎవడైనా పోతున్నాడా లేదా, మొదటి పది మ్యాచ్‌లు అదే చూస్తా, స్కోరు చూడను. బాబాయ్, పైసీట్లోంచి మీరూ చూసి చెప్పండి, ఆ ముసలాయన కళ్లు తెరిచి ఉంచుతున్నాడో లేదో కూడా.