సత్సివి మొదటిసారి చేయబోతున్నాను, వాల్‌నట్ గ్రేవీ గురించి చెప్పండి

తిబిలిసి మెడికో:
అందరికీ నమస్కారం. జార్జియా రాజధాని తిబిలిసిలో మెడిసిన్ చదువుతున్నాను. మా ఇంటి ఓనర్ పెద్దావిడని మేం బెబియా (ఇక్కడి భాషలో అమ్మమ్మ) అని పిలుస్తాం. ఈసారి మోకాళ్ల నొప్పులతో ఆవిడ పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు. డిసెంబర్ 31 రాత్రి టేబుల్ మీద సత్సివి (వాల్‌నట్ గ్రేవీలో మాంసం ముక్కలు) లేకపోతే ఎలా అని బాధపడుతుంటే, నేను చేస్తానని మాటిచ్చేశాను. కొలతలు అడిగితే "చూస్తే తెలుస్తుంది" అంటారు! కూతురి కుటుంబం కూడా వస్తోంది, అందుకే టెన్షన్. కోడి వాడొచ్చా, టర్కీయే ఉండాలా? ఉత్స్ఖో సునేలికి బదులు మెంతిపొడి సరిపోతుందా? బాజె అనే వాల్‌నట్ సాస్, సత్సివి ఒకటేనా?

కుటైసి కోడలు:
తమ్ముడూ, మంచి పని చేస్తున్నావు. పాతకాలం నుంచీ పండక్కి టర్కీయే, కానీ ఇప్పుడు చాలా ఇళ్లలో కోడితోనే చేస్తారు. నిశ్చింతగా కోడి తెచ్చుకో.

అన్నిటికంటే ముందు వాల్‌నట్స్ సంగతి చూడు. రైల్వేస్టేషన్ దగ్గర దెజెర్తిర్ బజార్‌కి వెళ్లి, కొనేముందు ఒక పప్పు నమిలి చూడు. పాత నూనె వాసన వచ్చినా, చేదు తగిలినా పక్క కొట్టుకి వెళ్లిపో. లేత రంగు పప్పే ఏరుకో, గ్రేవీ రంగు దాన్నిబట్టే ఉంటుంది. రెండు కిలోల కోడికి మా అత్తగారు అరకిలో పప్పు తీసుకుంటారు.

పప్పుని కీమా మిషన్‌లో రెండుసార్లు తిప్పి, వెల్లుల్లి, ఉప్పు, ఎండుమిరప, ధనియాల పొడి, ఉత్స్ఖో సునేలి, ఎండు బంతిరేకుల పొడి వేసి చేత్తో బాగా పిసుకుతారు. ఆ బంతిరేకుల పొడినే ఇక్కడ ఇమెరేతి కుంకుమపువ్వు అంటారు. పిసికే కొద్దీ వేళ్ల సందుల్లోంచి నూనె ఊరుతుంది. ఆ నూనె చిన్న గిన్నెలోకి పిండి దాచు, వడ్డించేటప్పుడు పైన చుక్కలుగా వేయాలి. నాకు సత్సివిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

కోడిని ముక్కాలు వంతు ఉడికించి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చి ముక్కలు చెయ్యి. ఉడికిన నీళ్లు పారబోయకు. వాటి మీద తేలిన కొవ్వులోనే ఉల్లిపాయ మెత్తబడేదాకా మగ్గించు, ఎర్రబడనీయకు. అందులో వాల్‌నట్ ముద్ద వేసి, ఆ నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచు. కుతకుతా మరిగిస్తే నూనె విడిపోతుంది. చివర్లో దాల్చినచెక్క, లవంగం పొడి చిటికెడు, వైన్ వెనిగర్ కొద్దిగా. వేడిమీద పల్చటి మజ్జిగలా ఉండాలి, చల్లారాక అదే చిక్కబడుతుంది. ముక్కల మీద పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు. అంటే 30న చేసేయాలి.

మెంతిపొడి మాత్రం వద్దు. ఉత్స్ఖో సునేలి నీలి మెంతి, వేరే మొక్క. ఘాటు తక్కువ, చేదు దాదాపు ఉండదు. మన మెంతి వేస్తే గిన్నె మొత్తం దాని వాసనే. బాజె అంటావా, దాన్ని పొయ్యి మీద పెట్టరు, నీళ్లతో కలిపేస్తారు.

బటూమి బాబాయ్:
ఒక్క మాట. ఇక్కడి చర్చి క్రిస్మస్ జనవరి 7న. అంతకుముందు నవంబర్ 28 నుంచి ఉపవాసాలు, కొత్త సంవత్సరం వాటి మధ్యలోనే వస్తుంది. నిష్ఠగా ఉండేవాళ్లు మాంసం ముట్టరు. వచ్చేవాళ్లలో అలాంటివారున్నారేమో బెబియాని ముందే అడుగు. ఉంటే కొంచెం గ్రేవీ మామూలు నీళ్లు, నూనెతో విడిగా చేసి ఉడికించిన కాలీఫ్లవర్ మీద పోయ్. అదీ చాలా రుచిగా ఉంటుంది.

తిబిలిసి మెడికో:
థాంక్యూ అక్కా, థాంక్యూ బాబాయ్. కూతురు ఉపవాసంలోనే ఉన్నారట, అడగడం మంచిదైంది. వడ్డించేముందు వేడి చేయాలా?

కుటైసి కోడలు:
వద్దు, చల్లగానే తింటారు. గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు చాలు. పక్కన వేడి ఘోమి (మొక్కజొన్న సంకటి) గానీ, షోతి రొట్టె గానీ ఉండాలి. ఉప్పు మాత్రం చల్లారాక ఇంకోసారి చూడు, వేడిలో సరిపోయినట్టు అనిపించేది చల్లగా తింటే చప్పగా తగులుతుంది.