కీ ఆన్‌లోనే ఉంటే పీఎంఐసీ తనంతట తానే మళ్లీ లేవాలా?

బెళ్లందూరు_బెజవాడ:
ఈ వారం మా టీమ్‌లో గొడవంతా దీని మీదే. కారు ఈసీయూలో (బండిలోని కంట్రోల్ కంప్యూటర్) మిగతా భాగాలకి పవర్ పంచే చిప్ ఈ పీఎంఐసీ. దానికి బ్యాటరీ సప్లై, అంటే కేఎల్ 30, ఎప్పుడూ ఉంటుంది. కీ ఆన్ చేస్తే హై అయ్యే లైను, కేఎల్ 15, చిప్‌ని నిద్ర లేపే వేక్ పిన్‌కి వస్తుంది. దాన్ని రైజింగ్ ఎడ్జ్ మీద పెట్టాం, అంటే లైను లో నుంచి హైకి మారే క్షణంలోనే చిప్ లేస్తుంది. నిన్న ల్యాబ్‌లో కీ ఆన్‌లో ఉండగానే చిప్ స్టాండ్‌బైకి (నిద్రలోకి) పోయి అక్కడే ఉండిపోయింది. కీ ఆపి మళ్లీ తిప్పితేనే లేచింది. లెవెల్, అంటే లైను హైలో ఉన్నంతసేపూ లేపేలా, పెడదామంటే మా లీడ్ ససేమిరా అంటున్నారు.

స్కోప్‌రాయుడు:
లెవెలే పెట్టాలి, ఇందులో చర్చేముంది? స్టార్టర్ తిరిగేటప్పుడు 12 వోల్టులు ఒక్కోసారి 6 కంటే కిందికి జారతాయి. అండర్‌వోల్టేజ్‌తో చిప్ పడుకుంటుంది. ఇంజిన్ అందుకునేసరికి వోల్టేజ్ వచ్చేస్తుంది, కానీ కీ లైను హైలోనే ఉండిపోతే కొత్త ఎడ్జ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బండి నడుస్తుంటుంది, మీ ఈసీయూ మాత్రం గురక పెడుతుంటుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో డ్యాష్‌బోర్డు క్లస్టర్ ఆరిపోతే కీ తిప్పి చూడమని డ్రైవర్‌కి మీరు చెబుతారా?

పాతకాపు_ఈసీటీ:
రాయుడూ, క్రాంకింగ్ (స్టార్టర్ తిరగడం) వరకు నీ మాట నిజమే. కానీ నాకు తగిలిన దెబ్బ వేరు. ఒక ప్రాజెక్టులో డోర్ స్విచ్‌ని లెవెల్ వేక్‌కి కలిపారు. తలుపు సరిగ్గా పడకపోతే బోర్డు పడుకోదు. 150 మిల్లీఆంప్స్ లాగుతుంటే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ 300 గంటలు, అంటే పన్నెండున్నర రోజులు. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలకి వచ్చినవాడికి బేస్‌మెంట్‌లో చచ్చిన బండి స్వాగతం చెప్పింది. పడుకున్నప్పుడు ఈసీయూకి మామూలుగా ఇచ్చే బడ్జెట్ 100 మైక్రోఆంప్స్, గుర్తుందిగా?

ఇంకోటి. చిప్ ఇచ్చే సప్లై రైల్ (అవుట్‌పుట్ వోల్టేజ్ లైను) షార్ట్ అయి చిప్ పడిపోతే లెవెల్ వేక్ దాన్ని లేపుతూనే ఉంటుంది. లేవడం, పడడం, వేడెక్కడం. రీట్రై లెక్కపెట్టే కౌంటర్ ఎప్పుడూ పవర్ ఉండే భాగంలో లేకపోతే ఆ ఆటకి అంతు ఉండదు.

స్కోప్‌రాయుడు:
అన్నా, డోర్ స్విచ్ తప్పుని కీ లైను నెత్తిన రుద్దకండి. కీ లైను కీ ఆపితే ఎలాగూ లో స్థాయికి పడిపోతుంది. ఎడ్జ్‌లో అసలు బొక్క చెప్పనా? కీ ఆపారు, ప్రాసెసర్ ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య డేటా లైన్లు) మీద స్లీప్ కమాండ్ పంపబోతోంది. సరిగ్గా అప్పుడే మళ్లీ కీ తిప్పారు. చిప్ ఇంకా నార్మల్‌లోనే ఉంది కాబట్టి ఎడ్జ్ వచ్చి వెళ్లిపోయింది, ఆ తర్వాత పడుకుంది.

పాతకాపు_ఈసీటీ:
పడుకోదు. వేక్ ఫ్లాగ్ రిజిస్టర్‌లో ఆ ఎడ్జ్‌ని పట్టి ఉంచే చిప్ అయితే, ఫ్లాగ్ ఉండగా స్టాండ్‌బైకి పంపినా వెంటనే లేస్తుంది. పంపే ముందు సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని చెరిపేయకపోతేనే అనుకో. బెజవాడ తమ్ముడూ, నిన్న కీ గబగబా ఆపి ఆన్ చేశారా? మీ స్లీప్ ఫంక్షన్ ఒకసారి తెరిచి చూడు.

బెళ్లందూరు_బెజవాడ:
చేశామండీ. ఇప్పుడే చూశాను. స్లీప్ కమాండ్‌కి సరిగ్గా పై లైన్లోనే వేక్ ఫ్లాగులన్నీ క్లియర్ చేస్తున్నారు. రాసింది మా లీడే.