మామయ్య జెనిట్ కెమెరా లెన్స్‌ని నా సోనీ మీద వాడొచ్చా? రీలు కూడా వేయాలని ఉంది

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా మామయ్య 80ల్లో చిన్న స్టూడియో నడిపేవారు. పోయిన నెల వాళ్ళ ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకు పెట్టెలో ఆయన జెనిట్ ఇ కెమెరా తోలు కవరుతో సహా దొరికింది, దాని మీద హీలియోస్ 44-2 లెన్స్, 58 ఎంఎం ఎఫ్/2 అని రాసుంది. అత్తయ్య "నువ్వే వాడుకోరా" అని నా చేతిలో పెట్టింది. నా దగ్గర సోనీ ఏ6400 ఉంది, ఫోటోలు నా ఇష్టానికి తీసుకుంటాను తప్ప పని కోసం కాదు. ఈ లెన్స్ దాని మీద ఎలా పెట్టాలి? లోపల అంచున తెల్లగా సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి, అది పాడైపోయినట్టేనా? ఇంకోటి, ఆయన కెమెరాలోనే ఒక రీలు వేసి చూడాలని గట్టిగా ఉంది, కానీ డిజిటల్ చేతిలో ఉండగా ఇప్పుడు రీలెందుకని ఇంట్లో అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదు.

పాత_గాజు:
హాయిగా పెట్టొచ్చు బ్రదర్. ఆ లెన్స్‌ది ఎం42 మౌంట్ (కెమెరాకి తగిలించే భాగం), అంటే 42 మిల్లీమీటర్ల మర, తిప్పి బిగించేది. ఎం42 నుంచి సోనీ ఇ మౌంట్‌కి అడాప్టర్ దొరుకుతుంది, అందులో గాజు ఉండదు, ఉత్త లోహపు గొట్టం. ఈ లెన్స్ మౌంట్‌కీ ఫిల్ముకీ మధ్య 45.46 మి.మీ. దూరం ఉండాలి, సోనీలో సెన్సర్ దాకా ఉన్నది 18 మి.మీ. మాత్రమే, మిగతాది ఆ గొట్టం పూరిస్తుంది. లోపల అద్దం ఉండే నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ కెమెరాల్లో ఆ దూరం ముందే 46.5 ఉంటుంది కాబట్టి, మధ్యలో గాజున్న అడాప్టర్ లేకపోతే దూరంగా ఉన్నవాటికి ఫోకస్ రాదు. మీ సోనీలా అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ పాత లెన్సులన్నీ మళ్ళీ బయటికి రావడానికి కారణం ఇదే.

మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయండి, లేకపోతే క్లిక్ పడదు. ఫోకస్ పీకింగ్ పెట్టుకోండి, ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగులో చూపిస్తుంది, కళ్ళ మీద ఫోకస్ కావాలంటే మాత్రం జూమ్ చేసి చూసుకోవాల్సిందే. ఏ6400 బాడీలో చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు కాబట్టి షట్టర్ 1/125 కంటే కిందికి దించకండి. లెన్స్ మీద అపెర్చర్‌కి (వెలుతురు వచ్చే రంధ్రానికి) రెండు రింగులుంటాయి, ఒకటి ఎక్కడ ఆగాలో పెట్టేది, రెండోది నిజంగా తెరిచి మూసేది. ఎఫ్/2లో ఫోకస్ చేసుకుని, రెండో రింగు తిప్పి క్లిక్ కొట్టడం రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

ఇది యుద్ధానికి ముందు జర్మనీలో జైస్ వాళ్ళు చేసిన బయోటార్ డిజైన్ మీద సోవియట్ వాళ్ళు తయారుచేసిన లెన్స్. వెనక చెట్ల ఆకుల్లోంచి వెలుగు పడుతుంటే అదంతా సుడి తిరిగినట్టు వస్తుంది, నాకు దీని మీద ప్రాణం. అయితే ముందే చెప్తున్నా, మీ సెన్సర్ చిన్నది, ఆ సుడి ఎక్కువగా ఉండే అంచులు కోసుకుపోతాయి, 58 కాస్తా 87 ఎంఎం అంత దగ్గరగా కనిపిస్తుంది. మనుషుల ఫోటోలకి అదీ బాగానే ఉంటుంది.

ఆ పోగులు ఫంగస్. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. అంచున కొద్దిగా ఉంటే ఫోటోలో దాదాపు తెలియదు, వెలుతురుకి ఎదురుగా తీస్తే మాత్రం కాస్త పొగమంచులా వస్తుంది. మిగతా లెన్సులతో కలిపి పెట్టకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. గోదావరి తేమలో ఇది చాలా ముఖ్యం.

డార్క్‌రూమ్_గుంటూరు:
బాబూ, మీ మామయ్యగారి లాగే నేనూ స్టూడియోలో పనిచేసినవాణ్ణి. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు పేపరు మీద ఎన్ని పాస్‌పోర్టు ఫోటోలు వేశానో లెక్కలేదు. రీలు వేసే ముందు కెమెరా వెనక మూత తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని షట్టర్ గుడ్డ చూడు. అది రబ్బరు పూసిన గుడ్డ, ఇన్నేళ్ళకి చిన్న చిన్న చిల్లులు పడి ఉండొచ్చు. చుక్కల్లా వెలుతురు కనిపిస్తే రీలు దండగ. పైనున్న, వెలుతురు కొలిచే సెలీనియం మీటరుకి బ్యాటరీ అక్కర్లేదు గానీ వయసు మీద పడి సరిగ్గా చూపించకపోవచ్చు, దాన్ని నమ్ముకోకు. నీ సోనీలోనే ఐఎస్‌ఓ 400 పెట్టి వెలుతురు చూసుకుని, అవే అంకెలు జెనిట్‌లో పెట్టు. మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే అదీ అక్కర్లేదు, 400 రీలుకి ఎఫ్/16, 1/500. ఆ కెమెరాలో అన్నిటికంటే వేగం కూడా అదే.

మొదటి రీలు బ్లాక్ అండ్ వైట్ వెయ్యి, ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 మంచిది. కడగడం ఇంట్లోనే నేర్చుకో. డీ-76 అనే డెవలపర్ (బొమ్మ తేల్చే మందు) నీళ్ళు కలపకుండా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మన వేసవిలో కుళాయి నీళ్ళే 30 దాటుతాయి, మేము బేసిన్‌లో ఐసు వేసి, అందులో సీసాలు నిలబెట్టి చల్లబరిచేవాళ్ళం. తడి రీలు ట్యాంకులోంచి బయటికి లాగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని మొదటి నెగటివ్ చూసే క్షణం కోసం నేను ఇప్పటికీ ఈ పని చేస్తూనే ఉన్నాను. ఇంట్లో అడిగితే 36 ఫోటోలే ఉన్నాయని చెప్పు. 36 మాత్రమే ఉన్నప్పుడు మనిషి నొక్కే ముందు చూస్తాడు. సోనీ పట్టుకున్నా ఆ చూపు నీతోనే ఉంటుంది.

డాలస్_క్లిక్స్:
పెద్దాయన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. నెగటివ్‌లు స్కాన్ చేయడానికి స్కానర్ కొనక్కర్లేదు, చాలా దగ్గర నుంచి తీసే మ్యాక్రో లెన్స్ ఒకటి సంపాదిస్తే సోనీయే సరిపోతుంది. కింద తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెల్, దానికి కొంచెం పైన నెగటివ్, ఫోటో తీసి రంగులు తిరగేస్తే అయిపోయింది. నేను ఇండియా వచ్చినప్పుడు రీళ్ళు చెక్-ఇన్ సామానులో వేయను, చేతి సంచీలో పెట్టుకుని చేత్తో చూడమని అడుగుతాను, ఎయిర్‌పోర్టుల్లోని కొత్త సీటీ స్కానర్లలో (సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రాలు) పడితే ఫిల్ము మసకబారుతుంది.

గోదావరి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. అడాప్టర్ వచ్చింది. టార్చ్ వేసి చూస్తే ఫంగస్ ఒక పక్క అంచునే ఉంది. నిన్న సాయంత్రం పెరట్లో జామచెట్టు కింద అత్తయ్యని కూర్చోబెట్టి ఎఫ్/2లో తీశాను. ఫోకస్ తిప్పుతూ ఆలస్యం చేస్తుంటే "మీ మామయ్యా ఇంతే, ఎంతసేపటికీ నొక్కేవాడు కాదు" అంది, ఆ మాటకి నవ్వుతున్నప్పుడు పడింది ఫోటో. షట్టర్ గుడ్డలో చిల్లులు లేవు సార్, హెచ్‌పీ5 ఆర్డర్ పెట్టాను. లెన్స్‌కి 49 ఎంఎం హుడ్ కూడా.