అప్‌డేట్: మృత సముద్రం కాదు, మోర్ట్‌మెర్

నేను తయారుచేస్తున్న వంశవృక్షం చార్ట్ గురించి పోయినసారి అడిగింది ఇదీ: లాటిన్ పత్రాల్లో 'డె మోర్టువో మారి' అని రాసే మోర్టిమర్ అనే మధ్యయుగపు ఇంగ్లండ్ ప్రభువుల వంశానికి ఆ పేరు మృత సముద్రం దగ్గర క్రూసేడ్‌లో (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధంలో) పోరాడినందుకు వచ్చిందా అని. మాట విడగొడితే అర్థం 'మృత సముద్రం' అనే కాబట్టి నేనూ నమ్మేశాను.

తేదీలు చూశాక ఆ కథ నిలబడలేదు. మొదటి క్రూసేడ్‌కు పిలుపు వచ్చింది 1095లో. 1086 నాటి ఇంగ్లండ్ భూముల లెక్క డోమ్స్‌డే బుక్‌లోనే రాల్ఫ్ డె మోర్టిమర్ విగ్‌మోర్ కోటతో సహా కనిపిస్తాడు. అసలు పేరు ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్న మోర్ట్‌మెర్ అనే ఊరిది. 1054లో అక్కడ జరిగిన యుద్ధం తర్వాత రోజర్ డె మోర్టిమర్ ఆ ఊరి కోట పోగొట్టుకున్నాడు, అది విలియం డె వారెన్ అనే మరో నార్మన్ ప్రభువుకు దక్కింది. ఊరు పోయినా పేరు మాత్రం వదల్లేదు! ఊరి పేరును గుమస్తాలు లాటిన్‌లోకి తిప్పడంతోనే ఈ గందరగోళం. బోచాంప్ అనే మరో వంశం 'డె బెల్లో కాంపో' అయిందీ ఇలాగే.

లాటిన్ పత్రాల్లోని బిరుదుల సంగతి: 'కోమెస్' అంటే నార్మండీలో కౌంట్, ఇంగ్లండ్‌లో ఎర్ల్. 'వైస్‌కోమెస్' అక్కడ విస్కౌంట్, ఇక్కడ షెరీఫ్. నా చార్ట్‌లో ఇద్దరు షెరీఫ్‌లను విస్కౌంట్లుగా రాసుకున్నాను, దిద్దాను.

మోర్టెయిన్ కౌంట్ రాబర్ట్‌ను కూడా ఈ వంశంలోనే కలిపేశాను. ఆయన ఇంగ్లండ్‌ను జయించిన విలియం రాజుకు తల్లి ఒకరే, తండ్రి వేరైన తమ్ముడు, మోర్టెయిన్ వేరే ఊరు. ఆ కొమ్మ మొత్తం తీసేశాను.