ఒకే ఇల్లు, రెండు ఫోన్లు, టమాటాకి రెండు రేట్లు. దీని మీద చట్టం ఏమైనా ఉందా?

మారతహళ్లి_మొగుడు:
నిన్న రాత్రి టమాటా పప్పు చేద్దామంటే ఇంట్లో టమాటాలు లేవు, సరే అని పది నిమిషాల డెలివరీ యాప్ ఒకటి తెరిచాను. నా ఫోన్‌లో కిలో 46. మా ఆవిడ ఫోన్‌లో అదే యాప్, అదే అడ్రస్, కిలో 38. కూపన్ లాంటిదేం లేదు. నేను రోజూ ఏదో ఒకటి తెప్పిస్తాను, తను దాన్ని తెరిచి నెలలవుతోంది. మా ఊళ్లో కిరాణా కొట్టాయన ఖాతా ఉన్నవాళ్లకే రూపాయి తగ్గించేవాడు, ఇక్కడేమో రోజూ కొనేవాడికే వాత! మొహం చూసి రేటు వేయడం మన దేశంలో తప్పా, కాదా?

తూనిక_రాయి:
టమాటాకి ఎంఆర్‌పీ ఉండదండి, మెలిక అక్కడే. ప్యాకెట్ సరుకైతే 2011 నాటి తూనికలు కొలతల రూల్స్ ప్రకారం ముద్రించిన ధర మీద పైసా ఎక్కువ తీసుకోకూడదు. కానీ అది పైకప్పు మాత్రమే. 50 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీకు 47కి, మీ ఆవిడకి 42కి ఇస్తే ఆ రూల్ ఏమీ అనదు. విడి కూరగాయలకి ఆ కప్పు కూడా లేదు.

బెళ్లందూర్_లాయరమ్మ:
ఎంఆర్‌పీ ఒక్కటే కాదు. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో రెండు మాటలున్నాయి: మార్కెట్ పరిస్థితికి, వస్తువు ఎంత అవసరమైనది అన్నదానికి పొంతన లేని రేటు వేసి అన్యాయంగా లాభం తీయకూడదు, ఒకే తరగతి కొనుగోలుదారుల మధ్య తేడా చూపకూడదు. ఈ "ఒకే తరగతి" దగ్గరే వాదన జారిపోతుంది, ఎందుకంటే వాళ్లు "ఆమె చాలాకాలం తర్వాత వచ్చిన కస్టమర్, అది ఆఫర్" అంటారు. 2025 జనవరిలో ఐఫోన్‌కి ఒక రేటు, ఆండ్రాయిడ్‌కి ఒక రేటు అన్న ఫిర్యాదుల మీద ఓలా, ఊబర్‌లకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులిస్తే, రెండూ అలాంటిదేం లేదనే చెప్పాయి.

మీరు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, టైమ్ కనపడేలా, చివరి బిల్లు పేజీ దాకా ఫొటోలు తీయండి. హ్యాండ్లింగ్ చార్జీ లాంటివి ముందు చెప్పకుండా చివర్లో కలిపితే అది డ్రిప్ ప్రైసింగ్, 2023 నవంబర్ మార్గదర్శకాలు పేర్కొన్న 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లని మాయచేసే యాప్ ఎత్తుగడలు) ఒకటి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

డేటా_బాబు:
కంగారు పడకు బ్రో, అది నీ మీద పగ కాకపోవచ్చు, సగం మందికి ఒక రేటు, సగం మందికి ఇంకో రేటు చూపించి ఎవరు కొంటారో చూసే టెస్ట్ కూడా కావచ్చు. అమెరికాలో ఇన్‌స్టాకార్ట్ అనే కిరాణా డెలివరీ యాప్ ఇలాంటి టెస్టులే చేసి, 2025 డిసెంబర్‌లో గొడవయ్యాక ఆపేసింది. న్యూయార్క్‌లో అయితే ఆ నవంబర్ నుంచే ఒక చట్టం అమల్లో ఉంది: నీ సొంత సమాచారం వాడి అల్గారిథమ్ రేటు కట్టితే, ఆ ముక్క రేటు పక్కనే రాయాలి. అలా రేటు వేయడాన్ని మాత్రం ఆపలేదు, చెప్పి వేయమంది, అంతే. టమాటా పక్కన ఆ లైన్ చూసి ఎవరు కొనడం మానేస్తారో నాకైతే తెలీదు.

మారతహళ్లి_మొగుడు:
థాంక్స్ అండి అందరికీ. పొద్దున మళ్లీ చూశాం. ఈసారి అమ్మ ఫోన్‌లో కూడా, అందులో 41! మూడింటికీ ఫొటోలు తీసి 1915కి చేశాను, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చారు. అమ్మేమో "కింద తోపుడు బండి మీద 30 కదరా" అంటోంది. నిన్నటి టమాటాలు మా ఆవిడ ఫోన్ నుంచే తెప్పించాం, వారం పాటు అందులోంచే కొని తన రేటు కూడా పెరుగుతుందేమో చూస్తాను.